గోడవాగు మీద తెల్ల ముక్క

షాలేమ్ సార్‌కు ముక్కు మీద కోపం అని మా ఆఫీసులో అందరూ అనేవారు. పన్నెండేళ్లు ఆయన పక్క కుర్చీలో పనిచేసినదాన్ని, నేను ఆ మాట ఒప్పుకోను. ఆ కోపం చాలా దూరం నడిచి వచ్చేది. ఎండలో ఆరు కిలోమీటర్లు తిరిగి, మోకాళ్ల దాకా వాగులో దిగి, చూసింది చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాసుకుని వచ్చాక, కుర్చీలోంచి లేవనివాడు ఎవడో "అక్కడ ఏమీ లేదు సార్" అంటే అప్పుడు వచ్చేది. అలాంటిచోట కోపం రాకపోతే మనిషిలో ఏదో చచ్చిపోయినట్టే. మాకెవరికీ వచ్చేది కాదు. నాకైతే అసలే వచ్చేది కాదు. ఇప్పుడు వస్తోంది. ఎవరి మీదో కూడా చెబుతాను.

మా ఆఫీసు సికింద్రాబాదు చిలకలగూడలో ఒక మందుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. యజమాని హరికిషన్‌గారు. పనిచేసేది ఆరుగురం. విమానం నుంచి తీసిన ఫొటోలను కంప్యూటర్ తెర మీద పెద్దవి చేసుకుని, రోడ్డు ఎక్కడ, చెరువు ఎక్కడ, ఇల్లు ఎక్కడ అని గీతలు గీసి రంగులు నింపుతాం. నా పేరు కల్పలత. మౌస్ పట్టుకుని గీయడంలో మా ఆఫీసులో నా అంత వేగం ఎవరికీ లేదు. ఆ వేగం గురించి చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను.

షాలేమ్ సార్ నెమ్మది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ప్లాస్టిక్ చెప్పులు, నల్ల గొడుగు, స్టీలు టిఫిను. దగ్గర్లోని తిరుమలగిరిలోనే పుట్టారు. ఆయన తండ్రి యెషయా అక్కడి మిలిటరీ మెస్సులో వంట చేసేవాడు. మెస్సు వెనక వంటవాళ్ల క్వార్టర్లు, క్వార్టర్ల వెనక వాగు. చిన్నప్పుడు ఆ వాగులో కొర్రమట్ట చేపపిల్లలు ఎర్రగా, పిడికెడు కుంకుమ చల్లినట్టు గుంపుగా తేలుతుంటే, కింద తల్లి కాపలా తిరుగుతుంటే, బడి ఎగ్గొట్టి చూసేవాణ్నని ఒకసారి చెప్పారు. తర్వాత ఐటీఐలో డ్రాయింగ్ నేర్చుకుని, కాగితం ఫొటోల కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నారు. రెండు అద్దాల కింద రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే గుట్టలు పైకి లేచి కనబడే పనిముట్టు ఒకటి ఉండేది. దాన్ని ఇంకా సంచిలో మోసేవారు. మేము నవ్వేవాళ్లం.

ఆయనకు ఒక నియమం ఉంది. కాలు పెట్టని చోట రంగు వేయరు. ఫొటోలో చూసి గీతలు గీస్తారు కానీ, రంగు నింపే ముందు ఒక్కసారైనా అక్కడికి వెళ్లి రావాలి. అందుకే ఆయన నెలకు పది షీట్లు చేస్తే నేను నలభై చేసేదాన్ని. హరికిషన్‌గారు మా ఇద్దరి అంకెలూ పక్కపక్కన గోడ మీద అంటించేవారు. సార్ ఆ కాగితం కేసి కన్నెత్తి చూడలేదు. నేను రోజూ చూసుకునేదాన్ని.

2023 చివర్లో మా ఆఫీసుకు ఒక పని వచ్చింది. నగరంలో ఇంకా బతికున్న వాగుల్లో చేపపిల్లలు పెరగగల చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పైనుంచి తీసిన ఫొటోల్లో పట్టుకుని మ్యాప్ చేయాలి. ఎందుకంటే వాననీటి కాలువల పని ఒకటి రాబోతోంది. మా మ్యాప్‌లో ఆకుపచ్చ పడిన వాగును తెరిచి ఉంచుతారు. బూడిద రంగు పడిన దాన్ని కాంక్రీటు గోడల మధ్య బిగించి, పైన బండలు కప్పుతారు. అంటే వాగు ఉండాలా మూతపడాలా అన్నది చిలకలగూడలో మందుల దుకాణం పైన తేలుతుందన్నమాట.

చేపపిల్లలు బతకడానికి లోతు నీళ్లు అక్కర్లేదని ఆ పనిలోనే నాకు తెలిసింది. చిన్న మడుగు కావాలి. దాని నెత్తిన రాళ్ల మీద పరుగెత్తే నీళ్లు కావాలి. దాక్కోవడానికి ఒడ్డున తుంగ, మధ్యాహ్నం కాస్త చెట్టు నీడ. వీటికి అంకెలు ఇచ్చారు. ఒకటి మడుగు, రెండు పరుగు నీళ్లు, మూడు ఒడ్డు గడ్డి, నాలుగు నీడ. నీళ్లే లేకపోతే సున్నా. వాగును ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్కకూ ఒక అంకె వేయాలి.

ఫొటోలో నల్లగా కనిపించేదల్లా లోతు అనుకునేదాన్ని నేను. సార్ నా చేతిలోంచి మౌస్ తీసుకుని పక్కనున్న చెట్టు నీడ ఎటు పడిందో చూపించారు. ఆ వైపే పడిన నలుపు నీడ, దానికి అడ్డంగా ఉన్న నలుపు మడుగు. పరుగు నీళ్లు అన్నం పొంగేటప్పుడు గిన్నె అంచున లేచే నురగలా తెల్లతెల్లగా కనబడతాయి. పచ్చగా చదునుగా ఉన్నదంతా నేల కాదు, దాని కింద నీళ్లుండవచ్చు. ఇవన్నీ ఆయన నేర్పినవే. నేర్పుతూ విసుక్కునేవారు, తిట్టేవారు, మళ్లీ మొదటినుంచీ చెప్పేవారు.

గోడవాగు అన్నది ప్రజలు పెట్టుకున్న పేరు. పైన గుండ్లకుంట అని ఒక చిన్న చెరువు ఉంది. అది నిండి పొర్లిన నీళ్లు మిలిటరీ స్థలంలోకి వెళ్లి, లోపల ఒకటిన్నర కిలోమీటరు పారి, ప్రహరీ గోడ కింద ఇనుప చువ్వల సందుల్లోంచి బయటికి వస్తాయి. గోడ కిందినుంచి వస్తుంది కాబట్టి గోడవాగు. అక్కడినుంచి కాలనీకీ ఖాళీ మైదానానికీ మధ్య నాలుగువందల మీటర్లు పారి పెద్ద నాలాలో కలుస్తుంది. ఆ నాలుగువందల మీటర్లలో మడుగులున్నాయి, తుంగ ఉంది, కానుగ చెట్ల నీడ ఉంది. సార్ అక్కడికి మూడుసార్లు వెళ్లి వచ్చారు. చేపపిల్లలకు ఇంతకంటే మంచి చోటు సికింద్రాబాదులో చూడలేదన్నారు.

చిక్కల్లా మధ్యలో వచ్చింది. మిలిటరీ స్థలాల ఫొటోలు ఎవరికీ ఇవ్వరు. మాకు వచ్చే ఫొటోల్లోనే ఆ భాగాన్ని తుడిచేసి ఇస్తారు. దానికి తప్పు పట్టను, దేశం అన్నాక కొన్ని కప్పిపెట్టాలి. కాబట్టి మా తెర మీద పైన గుండ్లకుంట, కింద గోడవాగు, నడుమ ఒకటిన్నర కిలోమీటరు తెల్ల ముక్క. సార్ నాతో స్పష్టంగా చెప్పారు. "ఆ తెల్లదాన్ని తెల్లగనే ఉంచు. పక్కన చూడలేదు అని రాయి. చూడనిది వేరే, లేనిది వేరే. ఈ రెండు కలిపేటోడు మ్యాపులు చెయ్యొద్దు."

2024లో గుడ్ ఫ్రైడే మార్చి ఇరవై తొమ్మిదిన వచ్చింది. పని అప్పజెప్పడానికి గడువు ముప్పై ఒకటి. హరికిషన్‌గారు సెలవు రోజే మా అందరినీ ఆఫీసుకు పిలిపించారు. సార్ రాలేదు. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా ఆయన చర్చిలో ఉంటారు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో పాట పాడేవాళ్లలో ఒకరు. ఆ మూడు గంటలూ ఫోను ఆపేస్తారు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు.

ఒంటిగంటకు నేను గోడవాగు షీటు పంపబోతే కంప్యూటర్ తీసుకోలేదు. ఒక ముక్కకు అంకె లేదు అంది. తెల్ల ముక్కకే. ఖాళీ ఉంచితే షీటు వెళ్లదు. 'చూడలేదు' అన్న అంకె వాళ్లిచ్చిన జాబితాలో లేదు. సార్‌కు రెండుసార్లు ఫోను చేశాను, ఆపేసి ఉంది. వెనక హరికిషన్‌గారు నిలబడి, మధ్యాహ్నం రెండింటికల్లా అన్నీ వెళ్లిపోవాలి అంటున్నారు. నేను సున్నా కొట్టాను. షీటు ఒప్పుకుంది. తర్వాత 'పరిశీలించినవారు' అన్న గడి తెరుచుకుంది. అది సార్ గడి. ఆయన పాస్‌వర్డు మరిచిపోతానని చీటీ మీద రాసి కీబోర్డు కింద అంటించుకున్నారు, అదీ అందరికీ తెలుసు. చీటీ తీసి చూసి కొట్టాను. గడిలో ఎస్.జె. అని ఆయన అక్షరాలు పడ్డాయి.

ఇంకో రెండు గంటలు ఆగితే ఆయన ఫోను ఎత్తేవారు. నేను ఆగలేదు. నలభై ఒకటో షీటు పూర్తయిందని టీ తాగడానికి వెళ్లాను.

జూలైలో కాలువల పని జాబితా వచ్చింది. గోడవాగు నాలుగువందల మీటర్లూ బూడిద రంగు. సార్ నమ్మలేక షీటు తెరిచారు. నడుమ సున్నా పడింది కాబట్టి కంప్యూటర్ లెక్కలో గుండ్లకుంట నీళ్లు కిందికి రావు. పైనుంచి నీళ్లూ చేపలూ రానప్పుడు కింద ఎన్ని మడుగులుంటే మాత్రం ఏం? అవి వానకు నిలిచిన గుంటలని తేల్చేసింది. ఆయన కిందికి జరిపి చివరి గడి చూశారు. అక్కడ తన అక్షరాలు కనబడ్డాయి.

ఆ రోజు సార్ కోపాన్ని నేను మొదటిసారి పూర్తిగా చూశాను. అరవలేదు. కీబోర్డు ఎత్తి చీటీ పీకి, నాలుగు ముక్కలు చేసి, నిలబడి అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశారు. "ఇది ఎవరు పెట్టిన్రో నాకు తెల్వది. నా చీటీ నేనే అంటించిన, అది నా తప్పు. కానీ నేను గోడవాగుల నడిచిన. అందుల నీళ్లున్నయి. నాతోని అబద్ధం చెప్పిపిచ్చిన్రు." గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మౌస్ మీదినుంచి ఒళ్లోకి జారింది. ఎవరూ గమనించలేదు.

చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు, ఉందని చెప్పుకుంటే అదొక అబద్ధం.

సార్ మొదట హరికిషన్‌గారి దగ్గరికి వెళ్లారు. సవరణ పంపితే మన తప్పు మనమే ఒప్పుకున్నట్టవుతుంది, ఇక ముందు మనకు పని ఎవరిస్తారు షాలేమ్ భాయ్ అన్నారాయన. సార్ కాలువల పని చూసే ఆఫీసుకు వెళ్లారు. మ్యాప్ చేసినవాళ్లు రాసిస్తే చూస్తాం అన్నారు. మ్యాప్ చేసింది నేనే అంటే, అయితే మీ యజమాని సంతకం తెండి అన్నారు. ఇటు తిరిగితే అటు, అటు తిరిగితే ఇటు. మిలిటరీవాళ్లకు ఉత్తరం రాశారు. ఈ గొడవంతటిలో మర్యాదగా జవాబు వచ్చింది వాళ్ల దగ్గరినుంచే. లోపల ఫొటో తీయడానికి అనుమతి ఇవ్వలేమని రాశారు. అది ముందే తెలిసినదే.

అప్పుడాయన గుండ్లకుంటకు వెళ్లి బిక్షం అనే మనిషిని పట్టుకున్నారు. బిక్షం అక్కడి చేపలవాళ్ల సొసైటీలో పెద్ద. ఏటా వానలు పడ్డాక బొచ్చె చేపపిల్లలను సంచుల్లో తెచ్చి కుంటలో వదులుతారు. ఆగస్టులో వదిలారు. సెప్టెంబరు మొదట్లో నాలుగు రోజులు కుండపోత వాన కురిసి కుంట నిండి మత్తడి దూకింది. ఆ నీళ్లు తగ్గిన మర్నాడు సార్ మోండా మార్కెట్లో పిండి జల్లించే పెద్ద ప్లాస్టిక్ జల్లెడ ఒకటి కొనుక్కుని, బిక్షాన్ని వెంటబెట్టుకుని, ప్రహరీ గోడకు ఇవతల గోడవాగులో దిగారు. తుంగ మొదళ్లలో జల్లెడ పెట్టి ఎత్తితే వేలెడు పొడుగు బొచ్చె పిల్లలు పదకొండు పడ్డాయి.

మర్నాడు ఆఫీసుకు వచ్చి నాకు చెప్పినప్పుడు ఆయన మొహంలో కోపం లేదు, చిన్నపిల్లవాడి సంతోషం ఉంది. బొచ్చె వాగులో గుడ్లు పెట్టదు. ఈ చుట్టుపక్కల బొచ్చె పిల్లలను వదిలేది గుండ్లకుంటలో ఒక్కచోటే. అవి గోడ కింద దొరికాయంటే నడుమ తెల్ల ముక్కలోంచి ఈదుకుంటూ వచ్చాయనే కదా. అక్కడ నీళ్లున్నట్టే కదా. మనం పోలేనిచోటికి అవి పోయి చూసి వచ్చినయి లతా, అన్నారు. అవును సార్ అన్నాను.

సెప్టెంబరు ఆఖరున కాలనీ కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. అభ్యంతరాలు వినడానికట. కాలువల ఆఫీసు నుంచి పెద్దాఫీసరు వచ్చారు. గోడ మీద మా మ్యాపు వేసి చూపించడానికి ఎవరో ఒకరు కావాలి కదా, హరికిషన్‌గారు నన్ను పంపారు. ల్యాప్‌టాప్ ముందు నేను, నా చేతిలో మౌస్. ఇంకా దగ్గరగా చూపించండి అని ఆఫీసరు అంటే ఆ తెల్ల ముక్కను గోడంత పెద్దది చేసింది నేనే.

సార్ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌లో చేపపిల్లలను తెచ్చారు. క్యాన్ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు నెమ్మదిగా చెప్పారు. ఆఫీసరు క్యాన్ కేసి చూసి, ఇవి ఆ తెల్ల భాగంలో ఉన్నట్టు ఫొటో ఉందా అని అడిగారు. అక్కడ ఫొటో తీయకూడదు సార్ అన్నారు ఈయన. ఫొటో లేనిదే నేను ఎలా నమ్మేది అన్నారు ఆయన. ఫొటో లేదు కాబట్టి నీళ్లు లేవు, తీయకూడదు కాబట్టి ఫొటో లేదు. హాల్లో ఒక్కరికీ ఇది వింతగా అనిపించలేదు. కుర్చీలో కూర్చున్న మనిషికి తెలివి ఎంత అవసరం లేదో ఆ రోజు చూశాను.

బిక్షం లేచి నిలబడ్డాడు. "మేము పోసింది కుంటల సారూ. దొరికింది గోడకింద. నడుమ నీళ్లు లేకుంటే వీటికి రెక్కలొచ్చినయా?"

నలుగురు నవ్వారు. ఆఫీసరుకు ఆ నవ్వు నచ్చలేదు. షీటు కిందిభాగం చూపించమని నాతో అన్నారు. చూపించాను. పరిశీలించినవారు ఎస్.జె. అంటే ఎవరని అడిగారు.

"నేనే," అన్నారు సార్. "కానీ అది నేను పెట్టలే."

"మీ అక్షరాలు, మీరు పెట్టలేదు. మరి ఎవరు పెట్టారు?"

సార్ వెనక్కి తిరిగి ఎవరినీ చూడలేదు. ఎవరు పెట్టారో వాళ్లే చెప్పాలి అన్నారు. గోడ మీద తెల్ల ముక్క, దాని మీద నా మౌస్ బాణం. నా వేలు కదిలితే ఆ బాణం కదిలేది. నోరు మాత్రం కదల్లేదు. ఆఫీసరు ఐదు నిమిషాలు ఆగలేదు, ఐదు సెకన్లు ఆగారు. తన సంతకాన్ని తానే నమ్మని మనిషి మాట మీద పని ఆపలేం అని ఫైలు మూశారు. సార్ క్యాన్ ఎత్తుకుని, బిక్షంతో కలిసి వాగు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లిపోయారు, పిల్లలను మళ్లీ వదిలిపెట్టడానికి.

వారంలోగా పని షురూ అయింది. కొన్ని పనులు ఈ ఊళ్లో ఏళ్లతరబడి కదలవు. ఇది మాత్రం పరుగెత్తింది. అటూ ఇటూ గోడలు లేపుతూ, వెనకే మీటరు వెడల్పు కాంక్రీటు బండలు పరుస్తూ వచ్చారు. పెద్ద నాలా వైపునుంచి మొదలుపెట్టి పైకి, ప్రహరీ గోడ వైపుకు. సార్ రోజూ ఆఫీసుకు వచ్చే ముందు అక్కడికి వెళ్లేవారు. ఆఫీసులో మాట్లాడడం మానేశారు. హరికిషన్‌గారు పలకరిస్తే తల తిప్పుకునేవారు.

నేను నెల రోజులకు వెళ్లాను. పన్నెండేళ్లలో ఎన్ని వాగులు గీశానో లెక్కలేదు, ఒక్క వాగు ఒడ్డున నిలబడింది లేదు. గోడవాగు మొదటిది. నవంబరు మొదటి వారం, పొద్దున ఎనిమిదిన్నర. తెర మీద మూడో నంబరు అంటే నాకు లేత ఆకుపచ్చ రంగు. అక్కడ అది మనిషి నడుమెత్తు తుంగ, దాని మీద తూనీగలు. బండలు ఆగిన చోట, చివరి బండ నీడ నీళ్ల మీద పడుతున్న గీత దగ్గర, చేపపిల్లలు గుమిగూడి ఉన్నాయి. చీకటిలోకి కొంచెం వెళ్తున్నాయి, వెనక్కి వస్తున్నాయి.

సార్ కానుగ చెట్టు కింద గొడుగు పట్టుకుని నిలబడి, పుస్తకంలో రాసుకుంటున్నారు. పరిచిన బండలు లెక్కపెడుతున్నారు. ఆ రోజు అంకె రెండువందల ఇరవై ఐదు. వంగి చూశాను. పైన మీటింగు రోజు తేదీ, దాని పక్కన సున్నా. అక్కడినుంచి రోజుకు ఏడో ఎనిమిదో చొప్పున పెరుగుతూ వచ్చింది.

"సార్, ఆ సున్నా నేను పెట్టిన," అన్నాను.

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. పుస్తకం మూశారు.

"గుడ్ ఫ్రైడే నాడు. మీ ఫోను బంద్ ఉండె. మీ చీటీ చూసి నేనే కొట్టిన."

"ఇప్పుడా?" అన్నారు. "జూలైల చెప్పకపోతివి. మీటింగ్‌ల మౌస్ పట్టుకొని కూసున్నవ్, అప్పుడన్న చెప్పకపోతివి. ఒక్క బండ పడకపోవు లతా. తెల్లగ ఉంచుమని నీకు చెప్పిన గదా, నువ్వు కొట్టవనుకున్న. నాలుగు నెలలు నేను హరికిషన్ అనుకున్న. చర్చిల కూసొని ఆయనను తిట్టుకున్న."

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పాను. ఏడుపు వస్తుంటే ఆయన చెయ్యి ఎత్తి వద్దన్నారు. ఓదార్చడానికి కాదు, ఆ ఏడుపు చూడడం ఇష్టంలేక.

"సున్నా కొట్టుడు తప్పే. అది నేను మాఫ్ చేస్తా, తొందర్ల ఎవరైనా చేస్తరు. నన్ను తెలివిలేనోని లెక్క ఆఫీసులు తిరగనిచ్చి పక్కన కూసొని చూసినవ్ చూడు, అది మాఫ్ చెయ్య. నాకు చెప్పి ఏం ఫాయిదా. రాసియ్యి. నీ పేరు, తారీఖు, ఏం చేసినవో. ఇయ్యాల్నే."

అక్కడే చెట్టు కింద ఆయన పుస్తకంలోంచి చింపిన కాగితం మీద రాశాను. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు, ఏడు నెలలకు నేను నోరు విప్పాను. కాగితం తీసుకుని నేనే కాలువల ఆఫీసులో ఇచ్చాను. తిరిగి పరిశీలించేదాకా పని ఆపమని ఉత్తర్వు రావడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ బండలు పడుతూనే ఉన్నాయి. పని ఆగేటప్పటికి నూట నలభై మీటర్లు తెరిచి ఉన్నాయి. అప్పటికే పరిచినవి తీయడం కుదరదని రాశారు.

నా ఉద్యోగం పోలేదు. ఇది చెప్పడానికి నాకు అన్నిటికంటే మంటగా ఉంది. హరికిషన్‌గారు నా ఉత్తరం మీద ఇంకో ఉత్తరం పెట్టి, జరిగింది సాఫ్ట్‌వేర్ లోపం అని రాసి పంపారు. నలభై షీట్లు చేసే చెయ్యి ఆయనకు కావాలి. షాలేమ్ సార్‌కు మాత్రం డిసెంబరు ఆఖరుతో ఒప్పందం అయిపోతోందని, మళ్లీ రాయడం లేదని చెప్పారు. వయసైంది, పని నెమ్మది అన్నారు. తప్పు చేసినదాన్ని ఉంచుకుని, తప్పు అన్నవాణ్ని పంపేశారు. అప్పుడైనా నేను లేచి వెళ్లిపోవాలి. వెళ్లలేదు. ఇల్లు నా జీతం మీదే నడుస్తుందని ఇప్పటికీ చెప్పుకుంటున్నాను.

డిసెంబరులో కొత్త ఫొటోలు వచ్చాయి, షీటు మళ్లీ చేయమన్నారు. నా ఉత్తరం వల్ల జరిగిన ఒకే ఒక మంచి, జాబితాలో ఆరో అంకె చేరింది. ఐదు అంటే 'చూడలేదు'. దాని రంగు తెలుపు. సార్ చివరి రోజు పొద్దున నా కుర్చీ పక్కకు తన కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. వాగు దగ్గర ఆ మాటలయ్యాక నాతో ఆయన మాట్లాడడం అదే మొదటిసారి.

ముందు పైనున్న తెల్ల ముక్కకు ఐదు వేయించారు. వేయగానే గుండ్లకుంట, గోడవాగు మళ్లీ ఒకటయ్యాయి. ప్రహరీ గోడ దగ్గరి నూట నలభై మీటర్లూ ఆకుపచ్చగా మారాయి. నాకు ఊపిరి వచ్చినట్టయింది. అంతలో ఆయన వేలితో తెర మీద కిందిభాగం చూపించారు. కాంక్రీటు బండలు బూడిదరంగు పట్టీలా పడి ఉన్నాయి. ఫొటో ఎంత స్పష్టంగా ఉందంటే బండకూ బండకూ మధ్య సందులు కనబడుతున్నాయి.

"ఇది గీయి," అన్నారు.

గీశాను. నా చెయ్యి వేగం అంతా ఎటు పోయిందో. ఒక అంచు వెంట వెళ్లి, రెండో అంచు వెంట తిరిగి వచ్చి, మొదటి చుక్క మీద కలిపాను. తెర అడుగున పొడవు వచ్చింది. రెండువందల అరవై మీటర్లు. కంప్యూటర్ అంకె అడిగింది.

"కింద నీళ్లున్నయా?" అని అడిగారు.

"ఉన్నయి సార్."

"కనవడ్తున్నయా?"

"లేదు."

"మరి ఏం కొట్టాలె?"

అందులో ఆయన మూడుసార్లు నడిచారు. ఎక్కడ మడుగు, ఎక్కడ తుంగ, ఏ రాయి కింద ఏం దాక్కుంటుందో ఆయన పెన్సిలు పుస్తకంలో ఉంది. నేనూ ఒకసారి ఒడ్డున నిలబడ్డాను. అయినా ఐదు కొట్టాను. చూడలేదు.

గీసినవారు అన్న గడిలో కల్పలత అని పూర్తిపేరు టైపు చేశాను. పరిశీలించినవారు అన్న గడిలో ఆయన తన రెండక్షరాలు తానే, ఒక్కో వేలితో కొట్టారు. గొడుగు తీసుకుని, టిఫిను సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ షీటు మా గోడ మీద ఇప్పటికీ ఉంది. మునుపటి షీటులో తెల్ల ముక్క ఒకటే ఉండేది. ఇప్పుడు రెండున్నాయి. పైది చూడకూడదని కప్పింది. కిందిది, రెండువందల అరవై మీటర్లది, నేను కప్పింది.